రెండక్షరాల దగ్గర తగ్గే గొంతు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, వానలు పట్టిన రోజుల్లో, నన్ను క్యాజువాలిటీ నుంచి మగవాళ్ళ సర్జికల్ వార్డుకి మార్చారు. కోనసీమలో ఒక సర్కారు ఆసుపత్రి అది. పేరు రాయను. నాతో పనిచేసినవాళ్ళు ఇంకా అక్కడ ఉన్నారు. నా ఉద్యోగం ఎం.ఎన్.ఓ., అంటే మేల్ నర్సింగ్ ఆర్డర్లీ. మేము ఒక్క గుక్కలో 'ఎమ్మెన్నో' అనేవాళ్ళం. ఆడవాళ్ళయితే 'ఎఫ్ఫెన్నో'. రోగిని ట్రాలీ మీద స్కానింగుకి తీసుకెళ్ళి తేవడం, ఆక్సిజన్ సిలిండరు మార్చడం, మలమూత్రాలు ఎత్తడం, రక్తం సీసాలు ల్యాబుకి చేర్చడం, ప్రాణం పోయినవాళ్ళని గుడ్డ కట్టి మార్చురీకి దింపడం మా పని. డాక్టరు గారు, హెడ్ సిస్టరు గారు, స్టాఫ్ సిస్టర్లు, ఆ తర్వాత మేము.

నేను అయిదు చదివాను, ఆరు గడప తొక్కలేదు. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు. ఎక్కడైనా వరస తప్పితే సర్దుకోండి.

ఆసుపత్రిలో మాట్లాడేదంతా పొడి అక్షరాల్లోనే. ఓపీ, బీపీ, ఈసీజీ ఊళ్ళో ముసలమ్మలకి కూడా వచ్చు. ఎన్పీవో అంటే రోగి నోటికి ఏమీ ఇవ్వకూడదని. మాకు కేరళ నుంచి వచ్చిన సిస్టరు ఒకావిడ ఉండేది. ఆవిడ 'యెన్... పీ... ఓ' అని ఒక్కో అక్షరాన్నీ బిగించి పలికేది. మా స్వీపరు నరసమ్మ 'ఎంపీవో' అనేది. ఎవరెలా అన్నా మంచం మీద మనిషికి మంచినీళ్ళు మాత్రం ఇచ్చేవాళ్ళం కాదు. పోలీసులకి తెలపాల్సిన కేసు ఎమ్మెల్సీ. కొట్లాటలు, పురుగుమందు తాగినవాళ్ళు, బండి మీంచి పడ్డవాళ్ళు అందులోకి వస్తారు. ఒకసారి తలకి కట్టుతో ఒక కుర్రాణ్ణి చేర్చుకుంటే, వాళ్ళ నాన్న వరండాలో పక్కాయనతో, "మావోణ్ణి లోపల ఎమ్మెల్సీ అంటున్నారండోయ్" అన్నాడు. వార్డంతా నవ్వింది. ఆ కుర్రాడు కూడా కట్టు పట్టుకుని నవ్వాడు.

ఒక్కదాన్ని మాత్రం అక్షరాలుగా కాకుండా మాటలా పలికేవాళ్ళం. 'లామా'. డాక్టర్లు వద్దన్నా వినకుండా ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళకి కేస్ షీటు మీద అలా రాస్తారు. "ఆ మూల మంచం లామా" అంటే దుప్పటి మార్చాలని మాకు అర్థం.

ఇంకొకటి 'సీఏ'. అంటే కేన్సరు. దీన్ని పలికేటప్పుడు డాక్టరు గారి దగ్గర్నుంచి నరసమ్మ దాకా అందరూ గొంతు తగ్గించేవాళ్ళు. తగ్గించమని ఎవరూ నేర్పరు. చేరిన కొత్తలోనే అలవాటైపోతుంది. రోగి మనసు కష్టపెట్టకూడదనే తప్ప అందులో వేరే ఉద్దేశం లేదు. దాంతో పాటు ఇంకో ఆనవాయితీ ఉండేది. ఆ కబురు రోగికి చెప్పరు, భార్యకీ చెప్పరు. ఇంటి మగదిక్కుని వరండాలోకి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి చెప్తారు. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళకి చెప్పుకునేది ఆయనే.

ఆ వానల్లోనే ఐ.పోలవరం వైపు నుంచి నూకరాజు అనే ఆయన్ని చేర్చారు. సముద్రంలో చేపల వేటకి వెళ్ళే మనిషి. తిన్నది నిలవడం లేదు, కడుపు ఉబ్బింది, కళ్ళు పచ్చబడ్డాయి. వెంట భార్య మంగమ్మ ఒక్కతే ఉంది. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఇంజను పడవ ఒకటి. నూకరాజు మంచాన పడ్డ దగ్గర్నుంచీ మంగమ్మే మనుషుల్ని పెట్టి దాన్ని నడిపిస్తోంది. ఆ పడవే వాళ్ళకి కూడు.

స్కానింగు వచ్చాక సర్జన్ గారు కేస్ షీటు చూసి హెడ్ సిస్టరు గారితో "సీఏ... లివర్‌కి కూడా" అని మెల్లిగా అన్నారు. ఆయన చిన్న వయసువాడు, మంచివాడు, ఎవర్నీ కసిరేవాడు కాదు. "వీళ్ళ మగవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగారు. మంగమ్మ తమ్ముడు ఉన్నాడట, వేటకి పోయాడట. "రానీండి, మాట్లాడదాం. ఈలోగా కాకినాడ పెద్దాసుపత్రికి పంపేలా కాగితం రాస్తాను" అన్నారు. మా దగ్గర ఏమీ చెయ్యలేని కేసుకి పైకి పంపడం మామూలే. ఇంట్లోవాళ్ళకి మాత్రం అది ఇంకో రకంగా వినిపిస్తుంది. పెద్ద ఊరు పంపుతున్నారంటే అక్కడ బాగుచేస్తారని అనుకుంటారు.

మంగమ్మ అలాగే అనుకుంది. మధ్యాహ్నం నన్ను వరండాలో ఆపింది.

"అన్నయ్యగారండీ, ఓ మాట అడగొచ్చాండి?"

"అడగమ్మా."

"డాట్రుగోరు బీపీ అన్నప్పుడు గట్టిగానే అంటన్నారండి. ఆ రెండచ్చరాలూ వచ్చేసరికి గొంతు దిగిపోతాందేంటండి? అది పెద్ద రోగవేనా?"

రోగం సంగతి చెప్పే అధికారం ఎమ్మెన్నోకి లేదు. చెప్తే మెమో ఇస్తారు. సార్‌నే అడగమని చెప్పాను.

"అడిగేనండి. మీవోళ్ళని రమ్మను అన్నారు. నేను ఆయన మనిషిని కానాండి?" అంది. తర్వాత తనలో తాను అనుకున్నట్టుగా, "పెద్ద రోగవైతే పెద్ద కోతే ఉంటాది. పడవ అమ్మేత్తానండి. మనిషుంటే పడవ మళ్ళీ వత్తాది" అంది. రేవులో ఒకాయన ఎప్పటి నుంచో ఆ పడవ అడుగుతున్నాడట.

మర్నాడు నూకరాజుని ఇంకో పరీక్షకి ట్రాలీ మీద తోసుకెళ్తున్నాను. ఇద్దరమే ఉన్నాం. ఆయన కళ్ళు మూసుకునే మాట్లాడాడు.

"వీర్రాజు గారూ, నాది సీఏ కదండీ."

నేను ట్రాలీ ఆపాను. తాను మస్కట్లో చాలా ఏళ్ళు ఆసుపత్రి క్లీనింగులో చేశానని చెప్పాడు. "ఫిలిప్పీను నర్సమ్మలు ఆ మాట పాటలాగ సాగదీసేవోరండి. మలయాళపోళ్ళు టక్కున కోసేసేవోరు. మీరేవో గుసగుసలాడతన్నారు. ఎవరెలాగన్నా, ఆ మంచం కడిగేది నేనేనండి. నాకు తెల్దాండి?"

మరి మీ ఆవిడతో చెప్పలేకపోయారా అని అడిగాను.

"చెప్పేనండి. కోతొద్దే, లాభం లేదే అన్నాను. 'చచ్చినా పడవ మీద ఆశ వదలవేంటి మావా, నీకు పెళ్ళాం నేనా ఆ పడవా' అని ఎటకారం చేసింది. నాది పిరికితనవనుకుంటాంది. డాట్రుగోరి నోటితో వింటే గానీ నమ్మదండి. నేనెలాగూ ఉండనండి. పడవ కూడా లేకపోతే దానికేవుంటాదండి" అన్నాడు.

వార్డుకి రాగానే హెడ్ సిస్టరు రత్నకుమారి గారితో చెప్పాను. ఆవిడ చేతిలో సూది పక్కన పెట్టి మొత్తం విన్నారు. "మనం నోరు విప్పకూడదు వీర్రాజు గారూ. సార్‌కి నేను చెప్తాను" అన్నారు. చెప్పారు కూడా. నేను అక్కడే ఉన్నాను. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆవిడ ఒక్కతీ ఉంది సిస్టర్. వార్డులో పడిపోతే ఎవరు పట్టుకుంటారు? తమ్ముడు ఇవాళో రేపో వస్తాడంటున్నారుగా" అన్నారు. అందులో తప్పు పట్టడానికి నాకేం కనపడలేదు. అంతకు ముందు వరండాలో పడిపోయిన ఆడవాళ్ళని నేనే ఎత్తాను.

తమ్ముడు రాలేదు. వాతావరణం బాగాలేక పడవలు ఎక్కడో వేరే రేవులో ఆగిపోయాయట.

ఆ తర్వాతి రోజు పొద్దున మంగమ్మ మంచం దగ్గర కనపడలేదు. ఊరెళ్ళి వస్తానని పక్కమంచం వాళ్ళకి అప్పగించి వెళ్ళింది. రౌండ్సు మొదలయ్యే వేళకి తిరిగొచ్చింది. చీర అంచులు తడిసి ఉన్నాయి. రౌండ్సంటే సార్ ముందు, వెనక హెడ్ సిస్టరు గారు, వాళ్ళ వెనక స్టాఫ్ సిస్టరు కేస్ షీట్లతో, ఆఖర్న నేను. నూకరాజు మంచం దగ్గరికి వచ్చేసరికి సార్ మళ్ళీ ఆ రెండక్షరాలు తగ్గించే అన్నారు.

నూకరాజు మోచెయ్యి ఆన్చి లేవబోయాడు. నేను వెళ్ళి వీపు కింద చెయ్యి పెట్టాను.

"అయ్యా, సీఏ అంటే నాకు తెలుసండి. మా ఆడదానికి తెల్దు. దానికి తెలుగులో చెప్పండి. దండం పెడతాను."

సార్ మొహం ఎర్రబడింది. కానీ కోప్పడలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. రౌండ్సులో సర్జన్ కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. మంగమ్మకేసి చూసి, కేన్సరమ్మా, కడుపులో పుట్టి కాలేయానికి పాకింది, కాకినాడ వెళ్ళినా ఇంకెక్కడికి వెళ్ళినా కోసి తీసేది కాదు, నొప్పికి మందు ఇవ్వగలం అని చెప్పారు. గొంతు తగ్గించలేదు.

"అంటే రాచపుండాండి?" అంది మంగమ్మ.

"అవునమ్మా."

"ఆయ్" అంది. కింద పడిపోలేదు. మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. అప్పటికే పట్టుకుందామని రత్నకుమారి గారు దగ్గరికి వెళ్ళారు. మంగమ్మ ఆవిడకేసి తిరిగి, "ఈ మాట నిన్న చెప్పుంటే బావుణ్ణు సిస్టరమ్మగారూ. పొద్దున్నే పడవ ఒప్పచెప్పేసి వచ్చేనండి" అంది.

నూకరాజు నా చేతి మీద బరువు వదిలేసి వెనక్కి వాలిపోయాడు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

సార్ ఆ కొనుక్కున్నాయన ఫోను నంబరు తీసుకుని స్వయంగా మాట్లాడారు. పదిమందిలో బేరం ఖాయమైపోయింది, ఇంజను తాళం చేతికొచ్చింది, పడవ పాయ దాటించేశాను అన్నాడట. రేవులో మాట అంటే మాటే. వెనక్కి ఇవ్వలేదు.

ఇంటికి తీసుకెళ్ళడమే మంచిదని సార్ ఆ సాయంత్రమే చెప్పారు. ఆయనే చెప్పినా, కాగితం మీద అలా రాసే వీలు లేదు. చనిపోబోయే మనిషిని ఇంటికి పంపడానికి మాకు వేరే పేరు లేదు. డాక్టరు వద్దన్నా వెళ్ళిపోయినట్టుగా 'లామా' అనే రాయాలి. మంగమ్మ వేలిముద్ర వేసింది. ఏంటని అడగలేదు. నేనూ ఇంకొకతనూ కలిసి నూకరాజుని ఆటోలోకి ఎక్కించాం. మోకాళ్ళు పట్టక అడ్డంగా పడుకోబెట్టాం. మంగమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుంది. వాన జల్లు లోపలికి కొడుతుంటే ట్రాలీ మీద రబ్బరు గుడ్డ తీసి ఇచ్చాను.

ఆ నెల దాటకుండానే నూకరాజు పోయాడని తెలిసింది. పడవ అమ్మితే వచ్చిన డబ్బు చికిత్సకి అక్కర్లేకపోయింది గానీ, తొందరలో అమ్మిన ధరకి ఇంకో పడవ రాదు, చేతిలో ఉన్న రొక్కం చేపలు పట్టదు కదా. తర్వాత మంగమ్మ చేతికి చీము పట్టి ఓపీకి వచ్చింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తోంది. మంచు నీళ్ళలో చేతులు పాడవుతాయి. కట్టు కట్టించి పంపాను. ఆవిడ నన్ను గుర్తు పట్టింది గానీ పాత సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ తర్వాత సార్ బదిలీ అయ్యి వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చినాయన కూడా ఆ రెండక్షరాలూ మెల్లిగానే అనేవారు. వార్డులో ఏమీ మారలేదు.

నేను తెలుసుకున్నది చెప్తాను. పొడి అక్షరాలు ఎవరెలా పలికినా నష్టం లేదు. పనివాళ్ళ మధ్య అవి ఉండాల్సిందే. కానీ కబురు చెప్పడానికి ముందు అడగాల్సింది మగవాళ్ళు ఎవరున్నారని కాదు. ఈ రోగం కోసం ఆ ఇంట్లో అమ్మేదెవరు, తాకట్టు పెట్టేదెవరు అని అడగాలి. ఆ మనిషి ఆడదైనా, ఒంటరిదైనా, ఆమెకే ముందు చెప్పాలి. ఆమెకి తెలిసిన భాషలో, అదే రోజు చెప్పాలి.