నల్లకోట్ల పిన్ని అడిగిన ప్రశ్న

వీధి మలుపు తిరగకముందే కుట్టుమిషను చప్పుడు వినిపిస్తుంది. గుడ్డ పలచగా ఉన్నచోట వాన చినుకుల్లా పరుగెత్తుతుంది. మడత వచ్చినచోట తడబడి, ఒక్కో కుట్టూ ఆలోచించుకుని వేస్తున్నట్టు నెమ్మదిస్తుంది. ఆ చప్పుడు వెంట నడిస్తే లా కాలేజీ గోడ, గోడకి ఆనుకుని రేకుల చూరు, చూరు కింద దండెం నిండా నల్లకోట్లు. గాలికి అవి ఊగుతుంటే, లోపల మనుషులింకా రాని సభలా ఉంటుంది. వాటి మధ్య నుంచి పెదాల సందున గుండుసూది పట్టుకుని ఒక ముఖం బయటికొస్తుంది. కాబోయే లాయర్లందరికీ ఆవిడ నల్లకోట్ల పిన్ని.

కాలేజీ కింది అంతస్తులో ఒక గది ఉంది. తలుపు మీద ‘రాజ్యాంగ హక్కుల అధ్యయన కేంద్రం’ అని రాసి ఉంటుంది. అందరూ సెంటర్ అంటారు. శనివారం సాయంత్రం ఆ తలుపు ఎవరికైనా తెరిచే ఉంటుంది. పుస్తకంలో ఉన్న హక్కు మనిషి నోట ఎలా పలుకుతుందో చూడాలని, అక్కడి మేడమ్ ఉత్తుత్తి విచారణలు నడిపిస్తుంది. ఒకరిది కొట్టు పోయినవాళ్ల వేషం, ఒకరిది బడిలోంచి తీసేసిన పిల్ల వేషం, ఒకరిది అందర్నీ విచారించే అధికారి వేషం. పిన్ని ఒకసారి కోట్లు ఇవ్వడానికి వెళ్లి ఫ్యాను కింద కూర్చుండిపోయింది. ఆరోజు అధికారి వేషం వేయాల్సిన కుర్రాడికి జ్వరం.

“పిన్నిగారూ, మీరు కూర్చోండి,” అంది మేడమ్. “రెండు ప్రశ్నలు మర్చిపోకండి. తీసేసే ముందు వాళ్లకి చెప్పారా? వాళ్ల మాట విన్నారా?”

పిన్ని ఆ కుర్చీలో కూర్చుని ఎవరికీ ఊపిరాడనివ్వలేదు. అప్పటి నుంచి ఆ కుర్చీ ఆవిడదే.

“ఇంట్లో ఇన్నేళ్లూ నామీద ప్రాక్టీసు చేసింది లెండి,” అంటాడు వాళ్లాయన, పక్కనే కాజాలు కుడుతూ.

“నిన్ను విచారించడానికేముంది, నేరం మొహంలోనే కనబడుతుంటే,” అంటుంది పిన్ని.

మొన్న వేసవిలో ఒక పొద్దున పిన్ని వచ్చేసరికి చూరు కింద, గోడ వారగా నేల మీద ఎర్రరంగు గీత. రంగులు వేసేవాళ్ల గుర్తేమో అనుకుంది. పక్కన సైకిళ్లు బాగుచేసే అతను వచ్చి, “కాదక్కా, కాలువ వెడల్పు చేస్తారట. గీతకి బయట ఉన్నదంతా తీసేస్తారట,” అన్నాడు.

మిషను, బల్ల, దండెం, వాళ్లాయన కూర్చునే స్టూలు, అన్నీ గీతకి బయటే. ఆ ఇంటికి అన్నం పెట్టేది ఆ మిషనే. దర్జీ చేతికి గీతంటే ఒకటే అర్థం. గీత పడ్డాక కత్తెర రావడమే మిగులుతుంది. ఆరోజు పిన్ని ఒక కోటుకి రెండూ ఎడమచేతులే కుట్టింది.

ఆ కోటు తొడుక్కుని తిరిగొచ్చిన సోడాబుడ్డి కళ్లద్దాల అమ్మాయి, సంగతి కనిపెట్టి, పిన్నిని మేడమ్ దగ్గరికి లాక్కుపోయింది.

“కాలువ వద్దని అనలేం,” అంది మేడమ్. “మీ మాట వినకుండా తీసేయకూడదని మాత్రం గట్టిగా అనగలం.”

పిల్లలు అర్జీ రాశారు. వార్డు ఆఫీసు విచారణకి ఒప్పుకుంది. సెంటర్లో రిహార్సల్ మొదలైంది. ఈసారి పిన్ని కుర్చీలో కాదు, ఎదురుగా నిలబడాలి. నిలబడగానే చేతులు వాటంతటవే జోడించుకునేవి.

“అయ్యా, తమరి దయ...”

“దయ అనకు పిన్నీ,” అంది కళ్లద్దాల అమ్మాయి. “నా మాట వినాలి అను.”

“అలా అంటే ఆయనకి కోపమొస్తుందేమోనే!”

“వస్తే రానీ.”

“నీకేం తల్లీ, నీ మిషను కాదుగా.”

విచారణ రోజు ఆఫీసు గదిలో పాత కాగితాల వాసన, కిటికీ అద్దం మీద మెత్తటి ఎండ. అధికారి చెడ్డవాడేమీ కాదు, అలసిపోయినవాడు. “చెప్పండమ్మా,” అన్నాడు. పిన్ని మళ్లీ చేతులు జోడించింది. అధికారి కుర్చీ వంక చూసింది. కుర్చీ అటు, తను ఇటు. ఎక్కడో లోపల దారం జారినట్టయింది. తన మాటలు పోయి, శనివారం గొంతు బయటికొచ్చేసింది.

“ముందు మీరు చెప్పండి! ఈమెకి ముందుగా చెప్పారా? ఎవరు చెప్పారు? ఈమె మాట ఎవరైనా విన్నారా?”

వెనక నిలబడ్డ వాళ్లాయన కళ్లు మూసుకున్నాడు. అధికారి మాత్రం, ఎవరో పైవాళ్లు అడిగినట్టు, చటుక్కున గుమాస్తా వైపు తిరిగి, “చెప్పామా?” అన్నాడు.

“గీత గీశాం సార్.”

“గీత మాట్లాడుతుందా?” అంది పిన్ని, ఇంకా ఆ గొంతులోనే. అప్పుడు గాని ఎవరి స్థానంలో నిలబడి ఏం అడిగిందో తెలిసిరాలేదు. చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ముందుగా నవ్వింది అధికారే. తర్వాత, “ఇంతకీ ఈమె ఎవరమ్మా?” అని అడిగాడు.

“నేనేనండీ,” అంది పిన్ని. ఆ మాటతో మిగతావన్నీ వచ్చాయి. మిషను ఎంత చోటు తింటుందో, చూరు ఎంత తగ్గించుకోగలదో, కాలువ మీద రాతిపలక వేస్తే నీళ్ల దారి నీళ్లది, తన దారి తనది ఎలా అవుతాయో. గుమాస్తా వెళ్లి కొలిచొచ్చి, అవుతుందన్నాడు. చూరు మూరెడు తగ్గించాలి, మిషను ఉండొచ్చు అని అధికారి రాసిచ్చాడు.

బయటికొచ్చి పిన్ని మెట్ల మీద కూలబడింది. ఏడుస్తోందనుకుని కళ్లద్దాల అమ్మాయి వంగి చూసింది. నవ్వుతోంది. అన్నాళ్లూ పక్కటెముకల కింద బిగబట్టుకున్న ఊపిరి ఒక్కో కుట్టూ విప్పుకుంటూ వదులవుతోంది.

“చచ్చాననుకున్నాను. నన్ను కూడా లోపలేస్తారనుకున్నా,” అన్నాడు వాళ్లాయన.

“నిన్ను వేస్తే నేనే సంతకం పెట్టేదాన్ని.”

ఇప్పుడు రాతిపలక కింద నీళ్లు సన్నగా మాట్లాడుకుంటూ పోతుంటాయి. పైన కోట్లు ఊగుతుంటాయి. ఈ కథంతా విని నేను సెలవు తీసుకోబోతూ, శనివారం సెంటర్‌కి వస్తానంటే పిన్ని సూదిలోకి దారం ఎక్కిస్తూ అంది:

“రండి, కానీ అధికారి కుర్చీలో నా కోసం వెతకకండి. ఈసారి దొంగ వేషం అడిగి తీసుకున్నాను. దొంగకైనా చెప్పుకునేది ఉంటుందటగా, అదేంటో నేనూ చూడాలి.”