పెద్దమనిషి పెట్టించిన రెండో మోటరు

తొంభైల్లో ఒకసారి కరీంనగర్‌లో ఊరి పెద్దలకు క్లాసు పెట్టారు. తగవులు తీర్చడం ఎలాగో నేర్పుతారట. నన్నూ పిలిచారు. మెట్‌పల్లి నుంచి ఖానాపూర్ దాకా నేను తీర్చని తగవు లేదనీ, నా పుణ్యాన మా ఠాణాలో పోలీసులు ఈగలు తోలుకునేవారనీ టీ తాగుతూ పక్కవాళ్ళకు చెప్పాను. ఈగల మాట మాత్రం నిజం. ఠాణా పక్కనే మటన్ దుకాణం ఉండేది.

పట్నం నుంచి వచ్చిన సారు బోర్డు మీద గుండ్రాలు గీసి, వాటి మధ్య బాణాలు గీశాడు. "తగవంటే చెడిపోయిన మిషన్ కాదు, ఒక సామాను మార్చగానే బాగుపడటానికి. మనుషులు, నీళ్ళు, పనులు, పాత మాటలు అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మీరు ఒకటి కదిలిస్తే మీరనుకోనిది ఇంకోటి కదులుతుంది. దీన్నే సంక్లిష్ట వ్యవస్థ అంటాం" అన్నాడు. అందరూ తలలూపారు. నాకు మాత్రం ఆ గుండ్రాల్లోంచి బావి అడుగు బురద కంపు కొట్టింది.

అంతకు చాలా ఏళ్ళ ముందటి సంగతి. మా దాయాదుల్లో ఇద్దరు అన్నదమ్ములుండేవారు. వరసకు కొడుకులు, నన్ను కాకా అని పిలిచేవారు. ఇద్దరికీ ఒకటే బావి, ఒకటే మోటరు. అన్నకు వరి, తమ్మునికి పసుపు. ఒక పూట అన్న వంతు, ఒక పూట తమ్ముని వంతు. ఒకడు నీళ్ళు పారిస్తుంటే రెండోవాడు బావి గడ్డ మీద కూర్చుని తిడుతూ ఉండేవాడు. "నా వంతు తినకురా, ఇగ బంద్ చెయ్!" అనే కేక రోడ్డు మీద బస్సులో పోయేవాళ్ళకు కూడా వినబడేది. ఒకరోజు స్టార్టర్ దగ్గర చేతులు కలబడ్డాయి. పంచాయితీ పడింది.

బడి వరండాలో కూర్చున్నాం. తీర్పయ్యాక పెద్దమనుషులకు యాటకూర పెట్టడం రెండు పక్షాల బాధ్యత. స్తంభానికి కట్టేసిన యాట అరుస్తుంటే ఎవరి వాదనా మా చెవికెక్కలేదు. ఇప్పుడు తలుచుకుంటే రోత పుడుతుంది. నూనె మూతులు, కల్లు తేన్పులు, మధ్యలో న్యాయం. వంట ఆలస్యమవుతుందన్న తొందరలో నేనే తీర్పు చెప్పాను.

"రెండో మోటరు పెట్టుండ్రి. ఎవని స్టార్టర్ వానికి, ఎవని పైపు వానికి. ఒకని మొఖం ఒకడు సూసుడే వద్దు."

శభాష్ అన్నారు. ఆ తీర్పు గురించి విని నిర్మల్ వైపు నుంచి కూడా జనం నన్ను వెతుక్కుంటూ వచ్చారని చాలాకాలం చెప్పుకున్నాను. వచ్చింది ఒక్కడే. వాడూ బస్సు ఎప్పుడొస్తుందని అడిగి పోయాడు.

కరెంటు రాగానే రెండు మోటర్లూ ఒకేసారి లేచేవి. తాను ఆపితే అవతలివాడు తోడేస్తాడని ఇద్దరికీ భయం. మునుపు వంతు మారేటప్పుడు తిట్టుకునే సేపట్లో బావిలో ఊట ఊరేది. నీళ్ళు అడుగంటితే గడ్డ మీద కూర్చున్నవాడే అరిచి ఆపించేవాడు. ఆ తిట్లే బావికి కాపలా అని మాకు తట్టలేదు. కాపలా ఎత్తేసి దానికి శాంతి అని పేరు పెట్టాం. ఊరు నిశ్శబ్దమైంది. నేను మీసం దువ్వుకున్నాను.

చలి తగ్గకముందే తమ్ముడు మా ఇంటికొచ్చాడు. "కాకా, ఒక్కసారి వచ్చి బాయి సూడు."

పసుపు ఆకు చుట్టుకుపోయింది. ఇంకో తడి లేకపోతే కొమ్ము ఊరదు, ఏడాది కష్టం మట్టిపాలే. అన్న కొత్తగా నాటు వేసిన మడి నెర్రెలు బారింది. బావిలో నల్లటి బురద, అందులో వెల్లకిలా పడిన కప్పలు, గాలి పీల్చి గుర్రుమంటున్న పైపులు. కంపు భరించలేక తువ్వాలతో ముక్కు మూసుకున్నాను.

అన్న భార్య నెత్తి మీది గడ్డిమోపు దించింది. "ఏంది మామా, ముక్కు మూసినవ్? నువ్వు తిన్న యాటకూర వాసనే గద గది."

తమ్ముడందుకున్నాడు. "కొట్లాడుకుంటనే ఇన్నేండ్లు పంట తీసినం కాకా. నువ్వు సక్కజేస్తనని వచ్చి బాయిని సంపినవ్."

అప్పటిదాకా అవతలి గట్టు మీద ముఖం తిప్పుకుని ఉన్న అన్న, తీర్పయ్యాక మొదటిసారి తమ్మునివైపు చూశాడు. "గట్లనకురా తమ్మీ. మల్లొక యాటను కోయమంటడు."

తమ్ముడు పక్కున నవ్వాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒక నోటితో నన్ను తిట్టారు. తిట్టి అలసిపోయి, నా ముందే ఒక మోటరు విప్పి పైకి లాగారు.

"జర బాయి ఊరనీయ్" అన్నాడు అన్న. "ముందుగాల నీ పసుపుకు పెట్టుకో. ఏడాది పంట అది."

పసుపు సగం దక్కింది. వరి పోయింది.

అన్నదమ్ముల్ని కలిపింది నేనేనని క్లాసులో లేచి చెప్పాను. సారు సంబరపడి "మీ పద్ధతి ఏమిటండీ?" అన్నాడు. దగ్గు వచ్చినట్టు చేసి కూర్చున్నాను.

మోటరు విప్పిన కొన్నాళ్ళకు, ఒక పొద్దున, బావి దగ్గర మళ్ళీ మొదలైంది. "నా వంతు తినకురా!" మంచం మీద పడుకుని నవ్వుకుంటూ విన్నానని రాయాలని ఉంది. నిజానికి మళ్ళీ పంచాయితీకి పిలుస్తారేమోనని కొట్టంలోకి పోయి, పెండలో కాళ్ళు పెట్టి, బర్రె వెనక నిలబడ్డాను. ఆ కంపే నయమనిపించింది.