మనసులో కూడా బస్సు నడపనన్న కండక్టరమ్మ

2011. చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద, ఒక మెస్సు పై అంతస్తులో నేను మెమరీ క్లాసులు చెబుతుండేవాణ్ని. కింద సాంబారుకు పోపు పెడితే పైన నా విద్యార్థుల ఏకాగ్రత గాల్లో కలిసిపోయేది. మాది తెనాలి వైపు. నోరు తప్ప వేరే పెట్టుబడి లేని వృత్తి. స్పీడ్ రీడింగ్ కూడా నేర్పేవాణ్ని. అంటే, మాట మాటా లోపల పలుక్కోకుండా కంటితో నాలుగైదు మాటలు ఒక్కసారే పట్టడం. వచ్చేవాళ్లు ఎక్కువగా పోటీ పరీక్షల పిల్లలు.

ఆ ఏడు ఆగస్టులో మరియమ్మ వచ్చింది. నలభై మూడేళ్లు, సిటీ బస్సులో కండక్టరు, మీర్‌పేటలో ఉండేది. నిలబడి నిలబడి నడుము పోయింది. కుర్చీలో కూర్చుని బస్సుల టైములు చూసే కంట్రోలర్ పోస్టుకు డిపార్ట్‌మెంట్ పరీక్ష రాస్తోంది. రెండుసార్లు తప్పింది, ఇదే ఆఖరి అవకాశం. రూల్సు పుస్తకంలో ఇరవై నాలుగు అధ్యాయాలు. ఇంట్లో అన్నీ వచ్చేవి, పరీక్ష హాల్లోకి వెళ్లగానే కలగాపులగం అయిపోయేవి.

"ఇంకో రెండేండ్లు గిట్లనే నిలవడితె మంచమే అన్నడు సార్, దవాఖానల," అంది.

అలాంటివాళ్ల కోసం నా దగ్గర బ్రహ్మాస్త్రం ఉంది: మెమరీ ప్యాలెస్. బాగా తెలిసిన ఇంట్లో గది గదికీ ఒక్కో విషయాన్ని బొమ్మగా పెట్టుకుని, పరీక్షలో మనసులోనే ఆ ఇల్లు తిరుగుతూ ఒక్కొక్కటీ తీసుకోవడం. కళ్లు మూసుకోమని చెప్పి మొదలుపెట్టాను. "మీ ఇంట్లోకి వెళ్లండి. హాలు దాటండి. కుడివైపు బెడ్‌రూమ్..."

మరియమ్మ కళ్లు తెరిచింది. "మాది ఒకటే అర్ర సార్. మంచం లేపితెనే పొయ్యి కనిపిస్తది. అండ్ల ఇరవై నాలుగు రూల్స్ పెడితె మేమేడ పండాలె?"

"పోనీ, మా ఇల్లు అనుకోండి. మూడు బెడ్‌రూములు."

"మీ బెడ్‌రూముల్ల నేను తిరిగితె మేడం ఏమనుకుంటది సార్?"

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో ఇల్లు చాలదన్న విద్యార్థి నాకు తగలలేదు. చివరికి ఆమె రోజూ తిరిగే రూటే దారి చూపింది. ఎల్బీ నగర్ నుంచి కోఠి దాకా స్టాపులన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది, వెనక నుంచి ముందుకీ చెప్పింది. స్టాపుకు రెండు అధ్యాయాల చొప్పున సర్దాం. కొత్తపేట పండ్ల మార్కెట్‌లో సెలవుల రూల్సు: ఒక కండక్టరు బత్తాయిల రాశి మీద పడుకుని గురక పెడుతుంటాడు. మూసారాంబాగ్‌లో ప్రయాణికులు మరిచిపోయిన సామాన్ల రూల్సు: అక్కడ గొడుగుల గుట్ట. రెండు వారాల్లో ఆమె మనసులోని బస్సు జోరందుకుంది.

సెప్టెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. మరియమ్మ పగలంతా డిపో ముందు కూర్చుని, సాయంత్రం తన రూటు వెంటే నడిచి క్లాసుకు వచ్చేది. ఆ వారం పెట్టిన టెస్టులో తెల్ల కాగితం ఇచ్చింది.

"ఏమైందమ్మా?"

"సమ్మె గద సార్."

"సమ్మె రోడ్డు మీద కదా, మీ బుర్రలో కాదుగా."

"పొద్దుగాల బస్సు కదలనియ్యం అని నినాదాలిచ్చి, మాపటికి ఈడికొచ్చి లోపల్లోపల బస్సు నడిపితె ఎట్ల సార్? ఎవ్వలికి తెల్వకున్నా నాకు తెలుస్తది గద."

"ఊహకు యూనియన్ ఉండదమ్మా."

"నాకున్నది సార్."

ఆ రోజుల్లో ఆంధ్రా యాసలో సమ్మె గురించి వాదించడానికి ధైర్యం కావాలి, నాకు లేదు. నిజం చెప్పాలంటే మొదట కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఆమె నడుము తలుచుకుంటే భయం కూడా వేసింది. పరీక్ష నవంబరులో ఉంది, సమ్మె ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు.

మూడో రోజు తనే వచ్చి చెప్పింది. "బస్సు వద్దు సార్. మనసుల గా తొవ్వెంట నడిచే పోత. నడిచెటోళ్లను సమ్మె ఆపదు గద."

మళ్లీ టెస్టు పెట్టాను. ఇరవై నాలుగూ వరసగా వచ్చాయి. కానీ గంటలో అయ్యేదానికి రెండు గంటలు పట్టింది.

"ఎందుకింత ఆలస్యం?"

"కొత్తపేటల జర బత్తాయిలు బేరం చేసిన సార్. దిల్‌సుఖ్‌నగర్ కాడ రాస్తారోకో. అందరు కూసున్నరు, నేనొక్కదాన్నే దాటిపోతె బాగుండదని నేను సుత కూసున్న."

స్పీడ్ రీడింగ్ మాస్టర్ని నేను. "పరీక్షలో మాత్రం కూర్చోకండమ్మా, మీకు పుణ్యముంటుంది," అని దండం పెట్టాను. రోజూ స్టాప్‌వాచ్ పట్టుకుని తరిమాను. బేరం మానేసింది. రాస్తారోకో మాత్రం మానలేదు. బతిమాలితే, కూర్చోకుండా నిలబడే ఒక నినాదమిచ్చి కదలడానికి ఒప్పుకుంది.

అక్టోబరులో సమ్మె ముగిసింది. ఇక బస్సెక్కండి, టైము కలిసొస్తుందన్నాను. తలూపింది. పరీక్ష రాసింది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. "పాసైన సార్. ఒకటో తారీకు సంది కూసునే డ్యూటీ." నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మొత్తానికి బస్సు గట్టెక్కించింది," అన్నాను గర్వంగా.

"లేదు సార్, నడిచే పోయిన. పద్నాలుగేండ్ల సంది గా తొవ్వల తిరుగుతున్న గని, మందిల నిలవడి చేతులు, చిల్లర తప్ప ఏం చూడలె. స్టాపుల పేర్లే తెలుసు నాకు. సమ్మెల నడిస్తెనే తొవ్వ కనవడ్డది."

మెమరీ గురించి నేను చదివిన పుస్తకాల్లో ఉన్నది ఈ ముక్కే. చూసిందే గుర్తుంటుంది. నేనే దాన్ని చదివి, పాఠంగా చెప్పి, ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లని ఇంటి గురించి అడగను, రోజూ ఏ దారిన వస్తారని అడుగుతాను. బండి మీద వస్తామంటే ఒక వారం నడిచి రమ్మంటాను. సగం మంది మళ్లీ కనబడరు. వచ్చినవాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సింది పెద్దగా ఉండదు.