గ్యారేజీలో బోర్డు

పోయిన వారం నా భార్య చనిపోయింది. ఆ ఉదయం న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌లో గడ్డి మీద మంచు పేరుకుని ఉంది. తను పక్కింటి పెద్దావిడ కోటు పొడవు తగ్గించడానికి అంచు మడిచి గుండుసూదులు పెడుతోంది. నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే తలెత్తింది.

"ఏవండీ, ఈ వారమైనా నా నంబరు సంగతి చూస్తారా?"

"వీకెండ్ చూద్దాంలే."

"మీ వీకెండ్‌లకే నా జుట్టు నెరిసింది."

మధ్యాహ్నం గుండెనొప్పి. అంబులెన్సుకు తనే ఫోన్ చేసుకుంది. నేను ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది.

ఆమె చేత బ్లౌజులు సరిచేయించుకున్నవాళ్లు ఇది చదువుతున్న మన ఊరి తెలుగువాళ్లు, మీలో చాలామంది ఉన్నారు. డబ్బిస్తే తీసుకునేది కాదు. "నంబరు రానివ్వండి, అప్పుడు వదలను" అనేది. ట్యాక్సు నంబరు లేకుండా తీసుకుంటే తప్పని భయపెట్టింది నేనే.

రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగం మానేసి, ఇంట్లోనే కుట్టుపని పెట్టుకోవాలని ఆమె కోరిక. ఎవరి చొక్కా కనిపించినా అంచు తిప్పి చూసేది. "పైన అందరూ బాగానే కుడతారు, లోపల చూడాలి" అనేది. బోర్డు కూడా రాసుకుంది, తన పేరుతో. వ్యాపారమంటే కంపెనీ, దానికి రిజిస్ట్రేషన్, వేరే నంబరు అని నా లెక్క. గుంటూరులో మా నాన్న షాపు పెట్టినప్పుడు చూసిన తతంగం అది. అంతా పద్ధతిగా చేద్దామన్నాను. బోర్డును గ్యారేజీలో గోడవైపు తిప్పి పెట్టాను.

నిన్న ఆమె మరణం సంగతి చెప్పడానికి ట్యాక్సు ఆఫీసుకు ఫోన్ చేశాను. ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె తీసుకున్న ఐఆర్‌డీ నంబరు, అంటే ఇక్కడి ట్యాక్సు నంబరు, అడిగితే చెప్పాను. పెట్టేసేముందు ఎందుకో అడిగాను.

"తను కుట్టుపని మొదలుపెడదామనుకుంది. దానికి నంబరు రావడానికి ఎన్నాళ్లు పట్టేది?"

"ఒక్కరే, సొంత పేరుతోనా?"

"అవును."

"అయితే వేరే నంబరు అక్కర్లేదండీ. ఇప్పుడు మీరు చెప్పిందే సరిపోయేది. పని మొదలుపెట్టానని మాకు తెలియజేస్తే చాలు."

థాంక్స్ చెప్పి పెట్టేశాను.

సాయంత్రం పెద్దావిడ వచ్చింది. కోటు ఊసెత్తలేదు. "షాపు ఎప్పుడు తెరుస్తావని అడిగితే, మా ఆయన్నే అడగండి అని నవ్వేది" అంది. టీ పెట్టి ఇచ్చాను. కోటు ఇంకా మిషను పక్క కుర్చీ మీదే ఉంది. సగం అంచుకు కుట్టు, మిగతా సగానికి సూదులు.

రేపు ఉదయం బోర్డు తుడిచి గేటుకు కడతాను. ఎవరైనా అది చూసి తలుపు తడితే, ఆమె లేదని నేనే చెబుతాను.