మేనేజర్ రూముల బేస్ గిటార్

మొన్న సోమారం నా నౌకరీ పోయేదే! నవ్వకుండ్రి. గిటార్ కొట్టే దోస్తులు మీరు గిట్ల చాయ్ తాగుకుంట "పాత పికప్ మంచిదా, కొత్తది మంచిదా" అని కొట్లాడుతరు. గా కొట్లాట నన్ను యాడిదాంక గుంజుకపోయిందో ఇనుండ్రి.

నేను గనిల పంపు ఆపరేటర్ని. భూమి లోపల ఊరే నీళ్లు పైకి తోడుడు నా డ్యూటీ. ఆదివారం చర్చిల బేస్ గిటార్ కొడత. రెండు నెలల సంది నా గిటార్ గొంతు పడిపోయింది. మన వాట్సాప్ గ్రూపుల అడిగితే పెద్దపల్లి రవి "పికప్ మార్చెయ్ అన్నా" అన్నడు. పికప్ అంటే గదే, తీగల కింద ఉండే నల్లడబ్బ. తీగ ఊగితే ఆ ఊపును పట్టి, సప్పుడు పెంచే యాంప్‌కు పంపుతది. రామకృష్ణాపూర్ స్టీఫెన్ అన్నేమో "పాతదాని తీరు కొత్తదానికి రాదు తమ్మీ, తీసి నా కాడికి తే, లోపలి రాగితీగ చుట్ట మళ్ల చుడత" అన్నడు. ఒక్కల మాట ఇన్నా బాగుండు. నేను ఇద్దరి మాట ఇన్న.

ఆదివారం ప్రార్థన అయినంక ఇంట్ల కూసోని పాతది పీకి కొత్తది పెట్టిన. వైర్లు అతికే సోల్డర్ గూడ నేనే చేసిన. కొట్టి చూద్దామనే టైముకు కరెంట్ పోయింది. సరే, రేపు చూస్కుందాం అనుకున్న. సోమారం ఫస్ట్ షిఫ్టు అయినంక అటు నుంచి అటే స్టీఫెన్ అన్న కాడికి పోవాలె గద! పాత పికప్‌ను మరిచిపోతనేమో అని చేతి రుమాల్ల చుట్టి పొద్దుగాలనే చొక్కా జేబుల పెట్టుకున్న.

పెట్టుకున్న సంగతే మరిచిపోయిన.

గనిల దిగే ముందు బీడీలు, అగ్గిపెట్టె, సెల్‌ఫోను ఏమన్న ఉన్నయా అని జేబులు తడుముతరు. ఆ పూట తడిమేది ఐలయ్య. పన్నెండేండ్ల సంది దోస్తు. నవ్వుకుంట చెయ్యి పెట్టిండు, నవ్వు ఆపిండు. రుమాలు ఇప్పిండు. నల్ల డబ్బ. దాంట్ల నుంచి రెండు తీగలు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది.

"ఏందే గిది?" అన్నడు మెల్లగ.

బొగ్గు పేల్చే డిటొనేటర్లకు గూడ రెండు తీగలే ఉంటయ్. గది నాకు తెలుసు, ఐలయ్యకు తెలుసు, నా ఎన్క లైన్ల ఉన్న నలభై మందికి తెలుసు. ఒక్క నిమిషంల నా ఎన్క లైనే లేదు!

"గిటార్ సామాను ఐలన్నా, దేవుని మీద ఒట్టు!"

"గిటార్ల వైర్లెందుకుంటయ్? కట్టెకు తీగలు గడితే గిటార్!"

మేనేజర్ రూముకు తీస్కపోయిండ్రు. సారుది కోస్తా వైపు, మెత్తగ మాట్లాడతడు, గందుకే ఇంకెక్కువ భయం. డబ్బను టేబుల్ మీద పెట్టి, తను రెండడుగులు ఎన్కకు జరిగి, "ఏంటయ్యా ఇది?" అన్నడు. బొగ్గు పేల్చే పని చేసే రాజమల్లు కాకను పిలిపించిండు. కాక అద్దాలు పెట్టుకోని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. హమ్మయ్య, కాక కాపాడతడు అనుకున్న.

"మనది గాదు సార్" అన్నడు కాక.

"మనది కాకపోతే ఎవరిది?" అన్నడు సారు.

సస్పెండ్ చేస్తరు. క్వార్టర్ ఖాళీ చెయ్యమంటరు. పిల్ల ఇంటర్ చదువుతుంది, సామాన్లు ఎత్తుకోని యాడికి పోవాలె? గివే తిరుగుతున్నయ్ బుర్రల. చేతులు జోడించి, "సార్, ఒక్క అవకాశం ఇయ్యండి, గిటార్ తెప్పించి చూపిస్త" అన్న. సారు ఫోను నా దిక్కు జరిపిండు.

"సలోమీ, జల్ది గిటార్, యాంప్ తీస్కోని గనికి రా."

అటు దిక్కు నుంచి మా ఆమె అన్నది: "పొద్దుగాల ఏడున్నరకే తాగినవా?"

"నౌకరీ పోతదే!"

నా గొంతు ఇని ఇంకేమడగలే. అరగంటల ఆటో వచ్చింది. మా యాంప్ మీకెరుకే, మా మామ క్లబ్బుల ఆర్కెస్ట్రా కొట్టిన నాటి గాజు బుడ్డి వాల్వుల యాంప్. పాత ట్రంకుపెట్టె అంత బరువు. ఇద్దరు మోసుకోని వచ్చి సారు టేబుల్ పక్కకు పెట్టిండ్రు. స్విచ్ ఏసిన.

వాల్వులు ఎచ్చగయ్యేదాంక పలకవు గద? ఆ సంగతి చెప్పుడు మరిచిపోయిన. ఎనక నుంచి ఎర్రగ ఎలుగుతుంది, లోపల "మ్...మ్..." అని గులుగుతుంది. సారు లేచి నిలవడ్డడు. ఐలయ్య తలుపు తీసి పట్టుకున్నడు. రాజమల్లు కాక ఎప్పుడు పోయిండో, రూముల లేడు.

"ఒక్క నిమిషం సార్, ఎచ్చగయితుంది!"

"అదే కదయ్యా నా భయం!"

గిటార్ మెడల ఏసుకోని, జాక్ గుచ్చి, తీగ మీద కొట్టిన.

ఏమి రాలే.

మళ్ల కొట్టిన. టక్ టక్ అని వట్టి తీగ సప్పుడే. కొత్త పికప్! రవి పదిహేను దినాలు పొగిడిన పికప్! సారు నన్ను చూసే చూపు మారింది. ఐలయ్య చూపు మారింది. మా ఆమె చూపు గూడ మారింది, గదే ఎక్కువ భయమైంది.

ఇగ ఒక్కటే దారి. "సార్, గా పాతదే ఇయ్యండి. దాన్నే పలికిస్త." వద్దనేలోపట్నే డబ్బ అందుకోని, దాని రెండు తీగలు కేబుల్ కొసకు చుట్టిన. ఇప్పుడు దాన్ని గిటార్ తీగల మీద ఎవరన్న పట్టుకోవాలె, నా రెండు చేతులు ఖాళీ లేవు. ఐలయ్యను చూసిన. ఐలయ్య గోడను చూసిండు.

"ఇటియ్యి" అన్నది సలోమి. కొంగు నడుముకు చెక్కి, డబ్బను తీగల మీద ఒడుపుగ పట్టుకున్నది. "కొట్టు, పిల్లకు అన్నం గూడ పెట్టకుండ వచ్చిన."

లావు తీగ కొట్టిన.

ధూం!

కిటికి అద్దాలు గడగడ అన్నయ్. సారు టేబుల్ మీది చాయ్ కప్పు సాసర్లకెళ్లి జారింది. ఆదివారం పాడే పాటల నుంచి నాలుగు వరుసలు కొట్టిన. పాడైందని పీకిన పికప్ గుండెల్ల దిగేటట్టు పలికింది! బయట మస్తు మంది జమయిండ్రు. ఎవరో చప్పట్లు గూడ కొట్టిండ్రు. నాకైతే కండ్ల నీళ్లు ఆగలే.

అంటే పికప్ మొదటి సంది మంచిగనే ఉన్నదన్నట్టు. గిటార్ల కేబుల్ గుచ్చే జాక్ కాడి వైరు రెండు నెలల సంది వదులై, ఇప్పుడు మొత్తానికే ఊడింది. గంతే. దాన్ని చూడకుండ పికప్ మార్చిన మొనగాన్ని నేను.

సారు కుర్సీల కూలబడి నీళ్లు తాగిండు. "ఈ మోత గని లోపల చేస్తే పైకప్పు కూలుతుంది. తీసుకెళ్లు. కానీ రూలు రూలే, జరిగింది రాసివ్వు" అన్నడు. క్లర్కు వరలక్ష్మి మేడం కాయితం, పెన్ను ఇచ్చింది. "డబ్బ, గిబ్బ అని రాయకు. వస్తువు అసలు పేరు రాయాలె" అన్నది.

మంచిగ దస్తూరి తోని రాసిన: "నా చొక్కా జేబులో పాత పికప్ పెట్టుకుని గనిలోకి దిగబోయిన మాట వాస్తవమే. ఇకముందు ఏ పికప్‌నూ గని దగ్గరికి తీసుకురానని హామీ ఇస్తున్నాను." సంతకం పెట్టిన. బతికిపోయిన అనుకోని ఇంటికి పోయి జొన్నరొట్టె తిని పన్న.

ఇగ నిన్న పై ఆఫీసు నుంచి జవాబొచ్చింది. ఇగో, నా కాడనే ఉన్నది, సదువుత ఇనుండ్రి: "సదరు పికప్ వాహనం రిజిస్ట్రేషన్ నంబరు, డ్రైవర్ పేరు, లైసెన్సు నకలు మూడు రోజుల్లో సమర్పించవలెను."

డ్రైవర్ పేరు కాడ నా పేరే రాసిన, ఇంత దూరం నడుపుకొచ్చింది నేనే గద! లైసెన్సు కాడనే ఆగిన. ఎవలకన్న ఎరుకుంటె చెప్పుండ్రి, నాకున్నది టూవీలర్ లైసెన్సు, సరిపోతదా?