చిన్నమ్మ పలకని పేరు

మొన్న సోమవారం నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటర్లో, గంటన్నర సేపు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టిన మా చిన్నమ్మను తీరా లోపలికి పిలిచి, ఫోను ఆమె ముఖానికి ఎదురుగా పట్టి, భర్త పేరు మీ నోటితోనే చెప్పాలి, వీడియో తీస్తున్నాం అని అక్కడి అమ్మాయి అనగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చిన్నాయన ఫౌజులో జవానుగా ఉండగానే పోయాడు. ఫౌజీల కుటుంబాలకిచ్చే దవాఖాన కార్డు మళ్లీ చేయించకపోతే వచ్చే వారం చిన్నమ్మ కంటి ఆపరేషన్ ఆగిపోతుంది. ఎనభై దాటిన ఆ మనిషి పెళ్లైన నాటి నుంచి మొగుడి పేరు పలికి ఎరగదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని వాళ్లమ్మ చెప్పిందట. ఆయన పోయి యాభై ఏళ్లైనా ఆ పట్టింపు మాత్రం పోలేదు.

నేను చెబుతానంటే, "మీరు చెప్తే యాప్ తీస్కోదు ఆంటీ" అంది ఆ అమ్మాయి. చిన్నమ్మ పెదవి విప్పలేదు. అర్జీ అక్కడే ఆగింది.

మా ఈడువాళ్లకు తెలుస్తుంది నా ఉడుకుమోత్తనం. నేను ఆబిడ్స్‌లో ఒక కంపెనీలో టైపిస్టుగా చేరిన కొత్తలో, చిన్నాయన పింఛను కాగితాల కోసం చిన్నమ్మ సర్కారు ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా మా గల్లీ సగం వెంట కదిలేది. బేగం బజార్‌లో మిరపకాయల దుకాణమున్న ఎదురింటి అత్తమ్మ, మా మేడ మీద కిరాయికి దిగిన గుంటూరు టీచరమ్మ, అందరికంటే ముందు రిటైరైన సుబేదారు తాత. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే ఆదివారాల్లో ఈ తాత అక్కడే ఒక గడియారాల దుకాణం మెట్ల కింద బల్ల వేసుకుని, ఫౌజీల ఇళ్లవాళ్లకు అర్జీలు రాసిపెట్టేవాడు, ఒక్క చాయ్ తప్ప ఏమీ పుచ్చుకోకుండా. అవి టైపు కొట్టడం నా వంతు. తప్పు పడితే పరేడ్ గ్రౌండులో అరిచినట్టు అరిచి, తర్వాత ఉస్మానియా బిస్కట్ చేతిలో పెట్టేవాడు.

ఆఫీసులో భర్త పేరు అడిగితే చిన్నమ్మ కొంగు సర్దుకుని అత్తమ్మ వైపు చూసేది. అత్తమ్మ పై అంతస్తుకు వినపడేలా చెప్పేది. ఒకసారి కొత్త గుమాస్తా ఒకడు ఆమెతోనే చెప్పించమని మొండికేస్తే తాత అతని బల్ల మీద చెయ్యి ఆనించి, "గా పేరు చెప్పనీకె ఇంతమందిమి వచ్చినం గదా, ఇంక ఆమెతోని ఏం చెప్పిస్తవ్? రాస్కో" అన్నాడు. అతను రాసుకున్నాడు.

ఇప్పుడు తాత బల్ల వేసిన ఆ మెట్ల కింద ఫోను కవర్లు అమ్ముతున్నారు. మా అపార్ట్‌మెంటు గ్రూపులో జెండా పండుగ నాడు జవాన్ల బొమ్మలు పొద్దుటి నుంచి వచ్చి పడతాయి గానీ, మా ఇంట్లో ఒక జవాను భార్య ఉందని వాళ్లలో ఎవరికీ తెలియదు. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక, సోమవారం ఇంటికొచ్చాక చిన్నమ్మ మీదే చూపించాను. ఇంకా ఏ ఆయుష్షు మిగిలిందని దాస్తున్నావు అన్నాను. ఆమె చేట దగ్గరికి లాక్కుని పప్పు ఏరుకుంటూ కూర్చుంది.

గురువారం మళ్లీ వెళ్లాం. చిన్నమ్మ ఫోనులోకి చూస్తూ ఇంటిపేరుతో సహా, హోదాతో సహా, ఎక్కడా తడబడకుండా చిన్నాయన పేరు చెప్పింది. యాప్ వెంటనే తీసుకుంది. ఆ అమ్మాయి సంతోషంగా బొటనవేలు చూపించింది.

మెట్లు దిగుతూ చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇన్ని పొద్దులు ఆయన ఉన్నట్లే ఉండె బిడ్డా" అంది.

కార్డు వస్తుంది, ఆపరేషన్ అవుతుంది, ఫికర్ లేదు. కానీ గల్లీ అంతా కలిసి ఆమె నోటిదాకా రానివ్వని ఆ పేరును, పక్కన మిగిలిన నేనొక్కదాన్నే దెప్పి మరీ చెప్పించాను.