ఆర్డిస్ నాలుక

ఎల్డన్ వోండ్రాకు వాసనలు తెలియవు. ముప్ఫయ్యేళ్లు ట్రాక్టర్ల కర్మాగారంలో వెల్డింగ్ పొగ పీల్చి ముక్కు పాడైపోయింది. అయినా అమెరికాలో అయోవా రాష్ట్రంలోని వాళ్ల ఊళ్లో ఇంట్లో కాచే బీరంటే అతనిదే. కాచేది అతను, రుచి చెప్పేది భార్య ఆర్డిస్. ఆమె వంక పెట్టని సీసా ఆ ఇంట్లో లేదు.

ఊరి బావులు మూసేసి కుళాయిల్లోకి నదినీళ్లు వదిలిన ఏడాది, ఆమె ఒక గుక్క తాగి సింకులో ఉమ్మేసింది.

"ఇదేం బీరయ్యా! దెబ్బకు కట్టిన కట్టుని పిండి పోసినట్టుంది."

"నీళ్లు మరిగించాను కదే."

"నీళ్లలో కలిపేది మరిగిస్తే పోయే మందు కాదేమో. కనుక్కో."

కనుక్కున్నాడు. నదినీళ్లలో కలిపే కొత్తరకం క్లోరిన్ మందు మరిగించినా పోదు, నిలవబెట్టినా పోదు. సింకు కింద బొగ్గు ఫిల్టరు బిగించాడు. తొందరపడి ధార ఎక్కువ వదిలితే కంపు అలాగే ఉందంది ఆర్డిస్. మరుసటి వాయికి దారంలా సన్నగా వదిలి, గిన్నె నిండేదాకా కుర్చీ వేసుకు కూర్చున్నాడు. పైగా క్లోరిన్‌ని విరిచే సల్ఫైట్ మాత్ర ఒకటి నలిపి కలిపాడు.

"కట్టు వాసన పోయింది. కానీ చప్పిడి. మన బావినీళ్లకి ఉండే గట్టిదనం ఏదీ?" అంది ఆర్డిస్.

అతను నీళ్లకి గట్టిదనమిచ్చే జిప్సం పొడి తెచ్చి మళ్లీ కాచాడు.

ఆ వాయి సీసాల్లో ఉండగానే ఆమె గొంతులో గడ్డ బయటపడింది. రేడియేషన్ పెట్టారు. గడ్డ కాస్త తగ్గింది గానీ నాలుక చచ్చిపోయింది. సూప్ తాగినా, ఆపిల్ ముక్క నమిలినా తుప్పు నాకినట్టుందనేది. రుచి తిరిగి రావచ్చన్నాడు డాక్టరు. రాలేదు.

ఒక మధ్యాహ్నం ఎల్డన్ ఆ జిప్సం వాయి సీసా ఒకటి తెరిచి, చిన్న గ్లాసులో పోసి ఆమెకిచ్చాడు. ఆమె కష్టపడి మింగింది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"వంకేం లేదా?"

"లేదు ఎల్డన్. చాలా బాగుంది."

పెళ్లయ్యాక ఆమె ఏనాడూ ఆ మాట అనలేదు. అతను గ్లాసు తీసుకుని మిగిలింది తాగాడు. చల్లగా, కాస్త చేదుగా ఉంది. అంతకుమించి ఏమీ తెలియలేదు. పక్కింటి డార్విన్‌ని పిలిచి అడిగితే, "బీరు బీరులాగే ఉంది, ఇంకెలా ఉంటుందయ్యా?" అన్నాడు.

మంచు కరగకముందే ఆర్డిస్ పోయింది. అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో వచ్చినవాళ్లు హామ్ శాండ్‌విచ్‌లు తింటూ ఆ సీసాలన్నీ ఖాళీ చేశారు. బాగుందని ప్రతివాళ్లూ ఎల్డన్ దగ్గరికొచ్చి చెప్పారు. అతను తలూపాడు. వాళ్లలో ఒక్కరిని కూడా నమ్మలేదు.